చెయ్యి తెగితే ముందు పిడి చూడండి

అందరికీ నమస్కారం. వెనక వరకు వినిపిస్తోందా? సరే. ముందు వరసలో కూర్చున్న అన్నలు ఒక్కసారి కుడి చెయ్యి ఎత్తి అరచెయ్యి ఇటు తిప్పండి, ఎడం చేత్తో కొట్టేవాళ్ళుంటే ఎడం చెయ్యి. ఆ, అలాగే ఉంచండి. ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు కాస్త లేచొచ్చి దగ్గర్నుంచి చూడండి. ఈ అన్నకి చూపుడువేలి మొదట్లో గట్టి కాయ ఉంది, ఈయనకి అరచేతి మధ్యలో ఉంది, ఆ చివర కూర్చున్న బాబాయికి చిటికెనవేలి కింద అంచు మీద ఉంది. ముగ్గురూ చేసే పని ఒకటే, మాంసం కొట్టడం, కాయలు మాత్రం మూడు చోట్ల కాశాయి. ఎందుకంటే ముగ్గురి కత్తుల పిడులు వేరు. కాయ ఎక్కడుందో చూస్తే పిడి ఎక్కడ గుచ్చుకుంటోందో తెలిసిపోతుంది, దాని గురించే ఇవాళ మాట్లాడదామని వచ్చా.

మాది ఆరెకటిక ఇల్లు. తాతది మటన్ షాపు, నాన్నదీ మటన్ షాపు. నేను డిప్లొమా చేసి బాలానగర్‌లో ఒక టూల్ రూమ్‌లో చేరా, ప్లాస్టిక్ వస్తువులకి అచ్చులు చేసే పని, పదకొండేళ్ళు అదే చేశా. స్విచ్చులకి, మిక్సీ మూతలకి, బకెట్ల హ్యాండిళ్ళకి కూడా అచ్చులు చేశా గానీ మా ఇంట్లో రోజూ కడిగి ఆరబెట్టే కత్తి పిడి మీదకి నా బుర్ర ఎప్పుడూ పోలేదు. ఒక ఆదివారం రాత్రి రెండు దాటాక మంచినీళ్ళకి లేచా, నాన్న వరండాలో మంచం మీద కూర్చుని కుడి చెయ్యి విదిలిస్తున్నాడు, పాతకాలం జ్వరం చూసే థర్మామీటరు విదిలించేవాళ్ళు చూడండి, అట్లా. ఏమైంది నాన్నా అంటే "ఏం లేదురా, మొద్దుబారింది, విదిలిస్తే పోతది, ఆదివారం కదా" అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే నాలుగేళ్ళ నుంచి అన్నాడు. నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, నాకు తెలీదు. ఆయన చెప్పలేదు, ఎందుకంటే ఆయన దృష్టిలో అది జబ్బు కాదు, పనిలో భాగం. మా తాత చెయ్యి కూడా అంతే అంట. చెయ్యి తెగినా అంతే, "చూసుకోలేదు, నా తప్పే" అంటారు ఎవరైనా. నేను ఇన్నేళ్ళ తర్వాత గట్టిగా చెప్తున్నా, చాలాసార్లు అది మీ తప్పు కాదు, పిడి మందం తప్పు, పొడవు తప్పు, ముందు అడ్డు లేకపోవడం తప్పు, మిల్లీమీటర్లలో కొలిచి సరిచెయ్యగలిగిన తప్పు.

చేతి లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తా, ఇది తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. మణికట్టు దగ్గర లోపల ఇరుకైన సొరంగం ఉంటుంది, వెనకవైపు చిన్న చిన్న ఎముకలు, ముందువైపు బిగుతైన పట్టీ. వేళ్ళని ముడిచే తాళ్ళు, డాక్టర్లు టెండన్లు అంటారు, అవి తొమ్మిది ఆ సొరంగంలోంచే పోతాయి, వాటితో పాటు ఒక నరం, మీడియన్ నర్వ్. తొమ్మిది తాళ్ళూ ఒక నరం, అంతే, ఇంకో దానికి చోటు లేదు. మణికట్టు వంచి, గట్టిగా పట్టి, మళ్ళీ మళ్ళీ అదే కదలిక చేస్తే తాళ్ళ చుట్టూ వాపు వస్తుంది, వాచినదానికి జరగడానికి చోటు లేదు కాబట్టి మధ్యలో నరం నలుగుతుంది. అందుకే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, చిటికెనవేలు మాత్రం బానే ఉంటుంది. రాత్రిపూట ఎక్కువ. ఇక్కడ ఎవరికైనా అలా ఉంటే దాచుకోకండి, నరాల డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోండి, బొటనవేలి కింద కండ పల్చబడి గుంట పడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. అలాగే వేలు ముడిస్తే మళ్ళీ తెరుచుకోకుండా ఇరుక్కుపోయి టక్కుమని తెరుచుకోవడం, దాన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు, అది కూడా ఇలాంటి పనుల్లో వచ్చేదే.

ఇప్పుడు పిడి దగ్గరికి వద్దాం. 2003లో అమెరికా వాళ్ళ పరిశోధన ఒకటి అచ్చయింది, నాకు చాలా పనికొచ్చింది. పిడిలో కొలిచే పరికరం పెట్టిన కత్తి తయారుచేసి రెండు మీట్ ప్లాంట్లలో 15 మంది అనుభవం ఉన్న కోతగాళ్ళ చేతికిచ్చారు, గొర్రె భుజం ఎముక తీయడం, బీఫ్ మీద కొవ్వు చెక్కడం లాంటి పనులకి. వాళ్ళు పిడిని ఎంత గట్టిగా పడుతున్నారో చూస్తే, మనిషి పూర్తి బలంలో సగటున 28 శాతం, ఒక్కోసారి 73 శాతం దాకా పోయింది. మీరొకసారి ఊహించుకోండి, మీ బలమంతా పెట్టి పిడికిలి బిగిస్తే ఎంతో అందులో పావు పైగా, పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా. వాళ్ళకి తేలిన ఇంకో విషయం ఏంటంటే పదును తగ్గితే పట్టు బలం పెరుగుతుంది, చేతి మీద పడే మెలి పెరుగుతుంది, పనికి పట్టే టైమూ పెరుగుతుంది. మీకిది తెలియంది కాదు, మొండి కత్తితో పని చేస్తే చెయ్యి పడిపోతుందని మా తాత కూడా చెప్పేవాడు, కానీ చేతి మీద లెక్క కట్టి చూపించారు చూడండి, అది వేరు. కాబట్టి ఎంత మంచి పిడి చేసినా సాన పెట్టని కత్తికి పెడితే నా పని దండగ. ఆకురాయితో కసాబిసా గీకడం కూడా సాన కాదు, అంచు రంపంలా అయిపోతుంది. పక్కనే స్టీల్ రాడ్ వేలాడదీసుకోండి, నాలుగైదు కోతలకోసారి రెండువైపులా మెల్లగా రాయండి, రోజు చివర సానరాయి మీద.

మెలి అన్నాను కదా, అది కాస్త చెప్పాలి. మాంసం బ్లేడుని ఆపేది ఎక్కడ? పిడికి నాలుగైదు అంగుళాల ముందు. చెయ్యి పట్టుకుంది వెనక. అంటే కత్తి చేతిలో తిరగబడాలని చూస్తుంటుంది, దాన్ని ఆపడానికి ఒక చివర చూపుడువేలి మొదట్లో నొక్కుకుంటుంది, రెండో చివర అరచేతి అడుగున నొక్కుకుంటుంది. మొదట్లో మీ చేతుల్లో చూశాం కదా కాయలు, అక్కడే. పిడి పొట్టిగా ఉంటే ఆ రెండో చివర అరచేతి నడిమధ్యలోకి వచ్చి గుచ్చుకుంటుంది, అది మెత్తటి చోటు, కింద నరాలు, రక్తనాళాలు. అందుకే పిడి ఎప్పుడూ అరచేతి వెడల్పు దాటి బయటికి రావాలి, కనీసం 10 సెంటీమీటర్లు, గ్లవ్ వేసుకునేవాళ్ళకి 12 దాకా. బజారులో దొరికే చవక కత్తుల్లో నేను కొలిచినవి చాలా వరకు దీనికంటే పొట్టివే. బ్లేడు కూడా పనికి మించి పొడుగు వద్దు, పొడుగు పెరిగేకొద్దీ మెలి పెరుగుతుంది. తోలు తీయడానికీ ఎముక తీయడానికీ పొట్టి బ్లేడు చాలు.

మందం గురించి మీకు నేను చెప్పేదేంటి, మీరే ఎప్పుడో కనిపెట్టారు. ఎంతమంది షాపుల్లో పిడి మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉందో చెప్పండి? చూశారా, సగం పైన చేతులు లేచాయి. నాన్న కత్తికీ ఉండేది, ట్యూబుని సన్నగా పొడుగ్గా కోసి, బిగుతుగా లాగి చుట్టి, చివర సుతిలి దారం కట్టేవాడు. ఆ చుట్టడంలో రెండు సంగతులున్నాయి, పిడి లావైంది, జారడం తగ్గింది. చదువుకున్నవాళ్ళు పుస్తకాల్లో రాసింది కూడా అదే. గట్టిగా పట్టే పనిముట్లకి 30 నుంచి 50 మిల్లీమీటర్ల మందం ఉండాలంటారు, కత్తికి నేను 30 నుంచి 36 మధ్యలో ఆగుతున్నా, మరీ లావైతే మొన మీద అదుపు పోతుంది. బజారు కత్తులు చెక్క పలక రెండువైపులా పెట్టి రివిట్లు కొట్టినవి, ఆ పక్క నుంచి చూస్తే 20 కూడా ఉండవు. సన్నగా ఉన్నదాన్ని జారకుండా పట్టుకోవాలంటే వేళ్ళు ఇంకా లోపలికి ముడుచుకోవాలి, తాళ్ళు ఇంకా లాగాలి. ఇంట్లో చూసుకోవడానికి సులువు పద్ధతి, పిడి చుట్టూ చెయ్యి మూస్తే బొటనవేలి కొన చూపుడువేలి కొన మీదకి కొంచెం ఎక్కాలి. వేలి కొనలు అరచేతిలోకి గుచ్చుకుంటుంటే పిడి సన్నం, బొటనవేలు అందకపోతే లావు.

అయితే ట్యూబుతో ఒక ఇబ్బంది ఉంది, నేనే విప్పి చూశా. ఒక రోజు నాన్న పాత కత్తికి ట్యూబు కోసి తీస్తే లోపల నల్లగా జిగటగా పేరుకుపోయి ఉంది, కొవ్వూ రక్తమూ నీళ్ళూ, ఎన్నేళ్ళదో, ఆ వాసనకి అమ్మ లోపల్నుంచి వచ్చేసింది. దాని కింద చెక్క మెత్తబడి వేలితో నొక్కితే లోపలికి పోతోంది, రివిటు దగ్గర బ్లేడు తోక తుప్పు పట్టి సగమైంది. అంటే ఏదో ఒక రోజు నరుకుతుండగా బ్లేడు ఊడి ఎగిరిపోయేది. పైన చూస్తే బంగారంలాంటి కత్తి. అప్పట్నుంచి నేను ఎవరి షాపుకి వెళ్ళినా ముందు చుట్టింది విప్పమంటా.

నేను చేసిన మొదటి పిడి గురించి చెప్తా, ఎందుకంటే అందరూ చేసే తప్పే నేనూ చేశా, ఈ పిల్లలు కూడా ఇదే చేస్తారు. ఎంసీల్ కొని, కలిపి, పాత పిడి మీద లావుగా పెట్టి, నాన్న చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నా. నాలుగు వేళ్ళ అచ్చులు అందంగా పడ్డాయి, ఆరాక రాకి నునుపు చేశా, చూస్తే చెయ్యి దాంట్లో కూర్చున్నట్టే ఉంది. నాన్న కూడా మొదట బాగుందిరా అన్నాడు. గంట తర్వాత చూస్తే పక్కన పెట్టి పాత కత్తే వాడుతున్నాడు. ఏమైంది అంటే "ఒకే తీరు పట్టనిస్తోంది, నేను ఒకే తీరు పట్టనుగా" అన్నాడు. అప్పుడు కూర్చుని చూశా, పని చేస్తుంటే మనిషి ఎన్ని రకాలుగా పట్టుకుంటాడో. కొక్కేనికి వేలాడుతున్న మేకకి తోలు తీసేటప్పుడు ఒక పట్టు, తొడ ఎముక చుట్టూ తిప్పేటప్పుడు బొటనవేలు బ్లేడు వీపు మీద, కీలు విడదీసేటప్పుడు కత్తి తిరగేసి పిడికిలిలో మొన కిందకి, కొవ్వు చెక్కేటప్పుడు ఇంకో రకం. నేను గుంటలు చేసింది అందులో ఒక్క పట్టుకి, మిగతా అన్నిట్లో ఆ గుంటల మధ్య గట్లు వేళ్ళ కీళ్ళ మీదకి వచ్చి గుచ్చుకున్నాయి. ఇక వేరేవాళ్ళ చేతికైతే ఏ పట్టులోనూ కుదరదు, వేళ్ళ లావు అందరికీ ఒకటి కాదుగా. అందుకని పిల్లలూ, వేళ్ళ గుంటలున్న పిడి షోరూమ్‌లో ఎంత బాగున్నా మాంసం పనికి తీసుకోకండి.

తర్వాత చేసినవన్నీ కోడిగుడ్డు కోతలా, కొంచెం కోలగా. గుండ్రటి పిడి చేతిలో తిరిగిపోతుంది, అంచు ఎటుందో కళ్ళతో చూసుకోవాలి, కోల పిడి అయితే చూడకుండానే చేతికి తెలుస్తుంది. ముందువైపు వేలికి అడ్డు. దీని గురించి మాత్రం నేను బతిమాలి చెప్తున్నా. కీలులోకి మొన పొడిచేటప్పుడు కత్తి ఎముకకి తగిలి ఠక్కున ఆగుతుంది, కొవ్వు చెయ్యి ఆగదు, జారి బ్లేడు మీదకి వెళ్ళిపోతుంది. వేళ్ళ లోపలివైపు తెగితే మామూలుగా చర్మంతో ఆగదు, తాళ్ళు తెగుతాయి, ఆ తర్వాత కుట్లేసినా వేలు పూర్తిగా ముడవలేని వాళ్ళని మన షాపుల్లోనే చూస్తున్నాం. బజారు కత్తుల్లో పిడీ బ్లేడూ ఒకే మట్టంలో కలిసిపోతాయి, మధ్యలో ఏమీ ఉండదు. ఒక వేలి మందం అంత గట్టు చాలు. వెనక చివర కూడా కొంచెం ఉబ్బుగా ఉండాలి, వెనక్కి లాగేటప్పుడు చెయ్యి జారిపోకుండా, కానీ మూల లేకుండా గుండ్రంగా, ఆ చివరి బాబాయి చేతి కాయ ఆ మూల వల్లే.

మణికట్టు సంగతి. 1982లో అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ అని మిషిగన్ యూనివర్సిటీ ఆయన, ఆయన బృందం కలిసి ఒక కోళ్ళ ప్లాంటులో చేతి జబ్బుల మీద పని చేశారు, తొడ ఎముక తీసే చోట ఇబ్బంది ఎక్కువ కనిపించింది. కారణం చూస్తే, ఎదురుగా నిలువుగా ఉన్న మాంసాన్ని తిన్నగా ఉండే పిడితో కోస్తే మణికట్టు వంగక తప్పదు. దానికి వాళ్ళు చెప్పింది పిస్టల్ లాగా వంపున్న పిడి, మణికట్టు తిన్నగా ఉండి పిడి వంగుతుంది. ఇంకోటి నాకు చాలా నచ్చింది, పిడికి ఒక పట్టీ, అరచేతి వెనకనుంచి పోతుంది. దాంతో రెండు కోతల మధ్య వేళ్ళు వదులు చేసినా కత్తి పడిపోదు. ఆ అర సెకను విశ్రాంతి రోజుకి ఎన్ని వేలసార్లు దొరుకుతుందో ఆలోచించండి. అయితే ఇది మన షాపులకి నేరుగా పనికిరాదు, నేను చేసి చూశా. ప్లాంటులో ఒక మనిషి రోజంతా ఒకటే కోత కోస్తాడు, మన దగ్గర ఒకే మనిషి తోలు తీసి, ఎముక తీసి, ముక్కలు కొట్టి, తూచి, డబ్బులు కూడా తీసుకుంటాడు. పట్టీ కట్టుకుంటే డబ్బులు ఎలా తీసుకుంటాడు? పెద్ద ప్లాంట్లలో, ఎగుమతి చేసేచోట పనిచేసే తమ్ముళ్ళున్నారు ఇక్కడ, మీకు మాత్రం అడిగి చేయించుకోదగ్గ విషయమే.

నరికే పెద్ద కత్తి లెక్క వేరు. అక్కడ కోసేది చెయ్యి కాదు, ఇనుము బరువు. కిలోకి 50 దెబ్బలు అనుకుందాం, ఆదివారం ఒక్క మనిషి 40 కిలోలు కొడితే 2000 దెబ్బలు. ప్రతి దెబ్బకీ మొద్దు తిరిగి కొట్టే అదురు పిడిలోంచి చేతిలోకి వస్తుంది. మన కమ్మరి కొలిమిలో చేసేవాటిలో పిడి కూడా ఇనుమే ఉంటుంది చాలావాటికి, ఒకటే ముక్క, ఊడిపోదు, అది మంచిదే, కానీ అదురంతా చేతికే. దానికి రబ్బరు తొడుగు కావాలి, ఊడి రాకుండా బిగుతుగా, లోపలికి నీళ్ళు పోకుండా. బరువు ముందుకి ఉండాలి, చేతికి దగ్గరగా ఉంటే మీరు బలం పెట్టి కొట్టాల్సి వస్తుంది. అలాగే మొద్దు ఎత్తు చూసుకోండి, చింత మొద్దు కొన్నప్పుడు ఎంత ఉందో అంతే ఎత్తులో తరాలు కొడుతుంటారు. నిలబడి మోచెయ్యి మడిస్తే మోచేతికి జానెడు కిందకి మొద్దు పై అంచు రావాలి, కింద ఇటుకలు పెట్టుకుంటారో, మీరే పీట మీద నిలబడతారో. మొద్దు ఎత్తు తప్పితే పిడి ఎంత బాగున్నా మణికట్టు వంగుతుంది.

ఒక మాట గుర్తొచ్చింది, చేపల మార్కెట్లో అక్కలు కూర్చుని కత్తిపీట మీద కోస్తారు కదా, ఎప్పుడైనా ఆలోచించారా, దానికసలు పిడే లేదు. కత్తి కదలదు, చేప కదులుతుంది. రెండు చేతులూ చేపని పట్టుకుంటాయి, కత్తి మెలి తిరగకుండా పీట మీద పెట్టిన కాలు ఆపుతుంది. నడుముకీ మోకాళ్ళకీ కష్టమే, అది వేరే కథ, కానీ పట్టు బలాన్ని చేతి మీద నుంచి తీసేసి కాలి మీద వేసిన ఆ ఆలోచన ఎవరిదో గానీ దానికి దండం పెట్టాలి. నేను పిడుల బొమ్మలు గీసేటప్పుడు అమ్మమ్మ కత్తిపీట ఎదురుగా పెట్టుకుంటా.

ఇక దేనితో చెయ్యాలి అని. చెక్క చేతికి హాయిగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ నీళ్ళు తాగి ఉబ్బి ఎండి పగులుతుంది, పగుళ్ళలో క్రిములు. పెద్ద ప్లాంట్లలో కత్తుల్ని 82 డిగ్రీల నీళ్ళలో ముంచుతారు, ఆ వేడికి తట్టుకోవాలి. లోపల పాలీప్రొపిలీన్ అనే గట్టి ప్లాస్టిక్, పైన మెత్తటి రబ్బరు లాంటి ప్లాస్టిక్, రెండూ అచ్చులోనే అతుక్కునేలా, సందు లేకుండా. పైన గరుకు ఉండాలి, అయితే సన్నటి గరుకు, మరీ లోతుగా గీతలు పెడితే కొవ్వు ఇరుక్కుని నున్నగా అయిపోతుంది, అరచేతి తోలూ లేస్తుంది.

ఆ వెనక అక్క ఏదో అడుగుతున్నారు... గ్లవ్ వేసుకుంటే సరిపోదా అంటున్నారు. అక్కా, కత్తి పట్టని చేతికి స్టీలు జల్లెడ గ్లవ్ తప్పకుండా వేసుకోండి, మాంసం పట్టుకునే చెయ్యే ఎక్కువ తెగేది, కానీ కోత మిషన్, రంపం దగ్గర మాత్రం వద్దు, దాన్ని లాగేసుకుంటుంది. కత్తి పట్టే చేతికి మందం గ్లవ్ వేస్తే పట్టు తెలీక ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ఇంకో మాట, మీ చెయ్యి చిన్నది, మీ ఆయన కత్తితో కొట్టకండి. చికెన్ సెంటర్లలో ఆడవాళ్ళు చాలామంది పనిచేస్తున్నారు ఇప్పుడు, కత్తులు మాత్రం మగవాళ్ళ చేతికి కొన్నవే. ఒక షాపుకి రెండు సైజుల పిడులు ఉండాలని నేను ఓనర్లందర్నీ అడుగుతున్నా, పేరు రాసి పెట్టుకోండి ఎవరి కత్తి వాళ్ళది.

నాన్న సంగతి చెప్పలేదు కదా. డాక్టరు రాత్రిపూట మణికట్టుకి పట్టీ ఇచ్చారు, కత్తి మార్చాం, మొద్దు కింద రెండు ఇటుకలు పెట్టాం, ఆదివారం తమ్ముడు సగం పంచుకుంటున్నాడు. ఇప్పుడు రాత్రి లేవడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, చూపుడువేలి కొసకి స్పర్శ ఇంకా మందంగానే ఉంది, చొక్కా గుండీ పెట్టుకోవడానికి అమ్మని పిలుస్తాడు. ఆ నాలుగేళ్ళు ముందే అడిగుంటే అనిపిస్తుంది నాకు.

సరే, బల్ల దగ్గరికి రండి. తొమ్మిది పిడులు పెట్టా, బ్లేడు లేదు, ముందు కొక్కెం ఉంది, దానికి స్ప్రింగ్ త్రాసు తగిలించా. పొడి చేత్తో పట్టుకోకండి, పొడి చేతికి అన్ని పిడులూ మంచివే. ఆ గిన్నెలో వెచ్చగా మటన్ కొవ్వు ఉంది, చెయ్యి ముంచండి, పిడి పట్టుకుని మెల్లగా లాగండి, ఎన్ని కిలోల దగ్గర జారిందో పక్కన పలక మీద పిడి నంబరు ఎదురుగా రాయండి. మీ సొంత కత్తి తెచ్చినవాళ్ళు బ్లేడుకి గుడ్డ చుట్టి అదీ లాగి చూడండి. బాబాయ్, ముందు మీరు రండి.